ఇంట్లో వడ్రంగి పనికి 18 గేజ్ కార్డ్‌లెస్ నెయిల్ గన్
ఇది బ్యాటరీతో నడిచి మేకులు కొట్టే పనిముట్టు; 18 గేజ్ అనేది మేకు సన్నదనాన్ని చెప్పే కొలత. బీడింగులు (అంచులకు వేసే సన్నటి చెక్క పట్టీలు), ఫ్రేములు, అరల వెనక పలకలు బిగించడానికి చక్కగా పనికొస్తుంది. గాలితో నడిచే గన్‌లకు కావాల్సిన కంప్రెసర్, గొట్టం బెడద లేదు. కాకపోతే బ్యాటరీతో కలిపి రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. తల పైఎత్తున పనిచేస్తే చెయ్యి లాగేస్తుంది. మేకు పొడవు పైచెక్క మందానికి రెండు మూడింతలు ఉండాలి: 12 మి.మీ. బీడింగుకు 30 మి.మీ. చాలు. ముందు తుక్కు ముక్క మీద కొట్టి లోతు సరిచేసుకోండి. సన్నటి మేకు కదా, గట్టి చెక్కలో పోగుల వెంట వంగి పక్కనుంచి పొడుచుకొస్తుంది. చెక్కను పట్టుకున్న చెయ్యి మేకు పొడవుకన్నా బాగా దూరంగా ఉంచండి, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. మేకు ఇరుక్కుంటే బ్యాటరీ తీశాకే గన్ ముక్కు (మేకు బయటికొచ్చే కొస) తెరవాలి. బరువు మోసే అతుకులకు మాత్రం ఇది చాలదు, స్క్రూలే వాడండి.