క్రిస్మస్ సందేశంలో ‘అవతారం’ అనాలా, ‘శరీరధారణ’ అనాలా?

దేవుడు యేసుగా, మనిషై పుట్టాడని చెప్పడానికి ఏ మాట వాడాలి? డిసెంబరు వస్తే ప్రసంగీకులకు ఇదో టెన్షన్.

వివరించే శ్రమ: ‘అవతారం’ అంటే దిగిరావడమని పల్లెలో ఎవరికైనా తెలుసు. ‘శరీరధారణ’ను విడమరిచి చెప్పాలి.

ప్రమాదం: అసలు చిక్కు ఇక్కడే. అవతారం అనగానే దశావతారాలు గుర్తొస్తాయి: చేప, తాబేలు, వరాహం, ఒకదాని తర్వాత ఒకటి. క్రైస్తవ విశ్వాసంలో దేవుడు మనిషి కావడం ఒక్కసారే జరిగింది. చనిపోయి తిరిగి లేచాక కూడా యేసు మనిషే. ఆయన సంపూర్ణ దేవుడు, సంపూర్ణ మనిషి అని 451లో క్రైస్తవ సంఘ పెద్దల చాల్సెడాన్ మహాసభ తేల్చింది. ‘శరీరధారణ’ బైబిల్లో ‘ఆ వాక్యము శరీరధారియై’ అనే యోహాను 1:14కు దగ్గరి మాట. కానీ దేవుడు శరీరాన్ని చొక్కాలా తొడుక్కున్నట్టు వినిపిస్తుంది, నాకైతే అదే ఇబ్బంది.

ఇరుగుపొరుగు వచ్చే వీధి కూడికలో అవతారం అనండి, ‘ఒక్కసారే’ అని కలిపి. బాప్తిస్మ తరగతిలో శరీరధారణ. పిల్లలకు రెండూ వద్దు, ‘దేవుడు మనిషిగా పుట్టాడు’ చాలు.