విల్లీ థోర్న్ పాత స్నూకర్ వీడియోలు: టేప్ క్వాలిటీకి రెండున్నర, మనిషికి ఐదుకి ఐదు

స్నూకర్ మీద కాస్తో కూస్తో ఇష్టం ఉండి, రాత్రి అన్నం తిన్నాక ఫోన్లో ఏం చూడాలో తోచనివాళ్ళ కోసం ఈ రివ్యూ. డబ్బులు పెట్టి కొనే వస్తువేం కాదు, ఫ్రీ. నెట్లో విల్లీ థోర్న్ అని కొడితే వచ్చే పాత మ్యాచ్‌లు అన్నమాట, ఆయన ఆడినవి కొన్ని, రిటైరయ్యాక మైకు పట్టుకుని కామెంటరీ చెప్పినవి ఇంకొన్ని. ఆయన 2020 జూన్ 17న స్పెయిన్‌లో పోయారు, ల్యుకేమియా, 66 ఏళ్ళు. కోవిడ్ గోలలో చాలామందికి ఆ వార్త తెలిసుండదు కూడా. మన పేపర్లలో స్నూకర్ అంటే పంకజ్ అద్వానీ కప్పు గెలిచిన మర్నాడు స్పోర్ట్స్ పేజీ మూల ఒక చిన్న ముక్క, ఇంక ఎక్కడో ఇంగ్లండ్ లెస్టర్ ఆయన గురించి ఎవరు రాస్తారు.

తెలియనివాళ్ళకి క్లుప్తంగా: గుండు, గుబురు మీసం, నీట్‌గా సూటు. 1975లో ప్రొఫెషనల్ అయ్యాడు. ముద్దుపేరు మిస్టర్ మ్యాగ్జిమమ్. మ్యాగ్జిమమ్ అంటే 147 పాయింట్లు, పదిహేను రెడ్లు, ప్రతి రెడ్డు తర్వాతా బ్లాకే, ఆ పైన వరసగా ఆరు కలర్లు, అన్నీ తన వంతు ఒక్కసారి వచ్చినప్పుడే, ఎక్కడా తప్పకుండా పాకెట్లో వేసేయాలి. ప్రాక్టీసులో అలాంటివి వందకి పైనే కొట్టాడట ఈయన. మ్యాచ్‌లో మాత్రం ఒక్కటే, 1987 యూకే ఛాంపియన్‌షిప్‌లో టామీ మర్ఫీ మీద. ప్రాక్టీసులో వంద పైన, మ్యాచ్‌లో ఒకటి, ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ఆయన కథంతా ఇక్కడే ఉంది. 1986లో కొందరు స్నూకర్ ఆటగాళ్ళని వేసుకుని ఒక సరదా పాట వస్తే అందులో ఈయన వాటాకి వచ్చింది బట్టతల మీద జోకు, లైట్లకి అది మెరిసి అవతలివాడి కళ్ళల్లో పడుతోందని. ఆయన కూడా నవ్వుతూనే పాడాడు పాపం.

ఇప్పుడు అసలు సరుకు. 1985 జనవరిలో మర్కంటైల్ క్లాసిక్ అని ఒక టోర్నీ, ఫైనల్లో కెనడా ఆటగాడు క్లిఫ్ థోర్బర్న్ మీద 13–8 ఫ్రేములతో గెలిచాడు, ఫ్రేము అంటే మ్యాచ్‌లో ఒక్కో ఆట. ఆయన కెరీర్ మొత్తంలో ర్యాంకింగ్ టైటిల్, అంటే ప్రపంచ ర్యాంకుల లెక్కలోకి వచ్చే టోర్నీ గెలుపు, ఇదొక్కటే. దొరికితే ముందు ఇది చూడండి. థోర్బర్న్ ఏమో ఒక్కో షాటుకీ జాతకం చూసినట్టు ఆలోచిస్తాడు, ఈయనేమో తెల్ల బాల్‌ని అంగుళాల లెక్కన నడిపిస్తాడు, బలంగా కొట్టడం అనేది దాదాపు ఉండదు, క్యూ అలా తాకించి వదిలేస్తాడంతే, బాల్ వెళ్ళి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. మన స్నూకర్ పార్లర్లలో కుర్రాళ్ళు ప్రతి రెడ్డునీ పాకెట్ పగిలేలా కొట్టి తర్వాత తెల్ల బాల్ ఎక్కడుందో వెతుక్కుంటారు చూడండి, వాళ్ళకి ఈ వీడియో ట్యూషన్ లాంటిది.

అదే సంవత్సరం చివర్లో ప్రెస్టన్ గిల్డ్ హాల్లో యూకే ఛాంపియన్‌షిప్ ఫైనల్. ఎదురుగా స్టీవ్ డేవిస్, అప్పటి నంబర్ వన్. ఆ ఏప్రిల్లోనే వరల్డ్ ఫైనల్లో డెనిస్ టేలర్ చేతిలో ఆఖరి బ్లాక్ మీద 18–17తో ఓడినవాడు, ఆ మ్యాచ్‌ని బ్రిటన్లో కోటీ ఎనభై ఐదు లక్షల మంది అర్ధరాత్రి దాకా మేలుకుని చూశారు, ఆ దెబ్బ నుంచి ఇంకా పూర్తిగా తేరుకోలేదని అందరూ అనుకుంటున్న టైము. అలాంటి డేవిస్ మీద థోర్న్ 13–8 లీడ్. పదహారు ఫ్రేములు గెలిస్తే కప్పు. తర్వాతి ఫ్రేము కూడా చేతికొచ్చేసినట్టే, బ్లూ పడితే 14–8. బ్లూ ఎక్కడుందంటే తన స్పాట్ మీదే, టేబుల్ నడిమధ్యలో, ఏ బాల్ అడ్డం లేదు. నిద్రలో లేపి కొట్టమన్నా వేసే బ్లూ, ఆ లెవెల్ ఆటగాడికి.

పడలేదు.

నేను ఈ ముక్కని వెనక్కి తిప్పి తిప్పి చూశా, షాటులో ఏం తేడా ఉందో పట్టుకుందామని. వంగాడు, క్యూ వెనక్కి లాగాడు, అంతా రోజూలాగే. బ్లూ పాకెట్ దవడకి తగిలి బయటే ఆగిపోయింది. ఆ ఫ్రేము డేవిస్ ఎత్తుకెళ్ళాడు, 13–9. అక్కడి నుంచి వరస చూడండి, ఆ ఫ్రేముతో కలిపి చివరి తొమ్మిది ఫ్రేముల్లో ఎనిమిది డేవిస్‌వి, 16–14, కప్పు డేవిస్‌ది. ఆ తర్వాత 86, 87ల్లో కూడా ఇదే కప్పు డేవిస్ గెలిచాడు, థోర్న్‌కి ఇంకో ర్యాంకింగ్ టైటిల్ రాలేదు. ఒక్క బ్లూ వల్ల ఇద్దరి జీవితాలూ మారాయి అని స్నూకర్ జనం ఇప్పటికీ అంటారు. నాకైతే కొంచెం ఎక్కువ చెప్తున్నారనిపిస్తుంది, ఎందుకంటే డేవిస్ ఎలాగైనా లేచేవాడే. థోర్న్ విషయంలో మాత్రం కాదనలేం.

ఇది చూశాక అప్పుడు ఆయన కామెంటరీ ఉన్న మ్యాచ్‌లు పెట్టండి. నేను వరస మార్చి చూడమనేది ఇందుకే, ముందు కామెంటరీ వింటే ఎవరో పెద్దాయన తీరిగ్గా మాట్లాడుతున్నాడు అనిపిస్తుంది అంతే. బ్లూ చూసి వచ్చాక వింటే వేరే. బ్రేక్ కట్టడం, అంటే ఒకే వంతులో వరసగా బాల్స్ వేసి పాయింట్లు పోగెయ్యడం, ఆయన ప్రాణం కాబట్టి ఇప్పటి షాట్ గురించి తక్కువ మాట్లాడతాడు, మూడు షాట్ల తర్వాత తెల్ల బాల్ ఎక్కడుండాలో ముందే చెప్పేస్తాడు, ఆ రెడ్ల గుంపుని ఇప్పుడు విడగొట్టాలి, ఇంకో రెడ్డు ఆగితే లేటు అంటాడు, అన్నట్టే అవుతుంది చాలాసార్లు. సేఫ్టీ ఆట, అంటే అవతలివాడికి సులువైన షాటు దొరక్కుండా ఆడటం, దాని గురించి మాత్రం అంత గొప్పగా చెప్పడు, నిజం చెప్పాలంటే అక్కడ ఆయనకే బోర్ కొడుతున్నట్టుంటుంది. 2016లో హైదరాబాద్‌లో, 2017లో వైజాగ్‌లో ఇండియన్ ఓపెన్ జరిగినప్పుడు హాల్లో కూర్చుని చూసినవాళ్ళకి తెలిసే ఉంటుంది, పక్కన ఇలా విప్పి చెప్పేవాళ్ళు లేకపోతే టేబుల్ మీద జరిగేదాంట్లో సగం మన తలకి ఎక్కదు.

ఇంకో సంగతి, ఇది ఆయనే బయట చెప్పుకున్నది. జాన్ పారట్ అనే ఇంకో ఆటగాడి క్యూ పోయిందని తెలిసి, కొత్త క్యూతో ఎలాగూ ఓడిపోతాడని అతని మీద పెద్ద మొత్తం పందెం కాశాడు. తీరా ఆ మ్యాచ్‌కి కామెంటరీ డ్యూటీ ఈయనకే పడింది. పారట్ ఒక్కో బాల్ వేస్తుంటే తన డబ్బు పోతున్నది చూస్తూ టీవీలో శభాష్ అనాలి. పారట్ గెలిచాడు. వినడానికి నవ్వొస్తుంది గానీ ఆ పందేల పిచ్చే ఆయన్ని తినేసింది, అప్పులు, చివరికి 2016లో దివాలా. అంతకు ముందే ప్రోస్టేట్ క్యాన్సర్. ఇవేవీ దాచుకోలేదు, అడిగితే చెప్పేవాడు, అందుకే కాబోలు లెస్టర్ జనం ఆయన్ని వదల్లేదు. ఫుట్‌బాల్ గ్యారీ లినేకర్ ఆయన దోస్తు, థోర్న్ పేరుతో ఉన్న క్లబ్బులోనే స్నూకర్ ఆడేవాడు. నాలుగుసార్లు వరల్డ్ ఛాంపియన్ అయిన మార్క్ సెల్బీ చిన్నప్పుడు ప్రాక్టీస్ చేసింది కూడా ఆ క్లబ్బులోనే.

ఇక వీడియోల క్వాలిటీ. ఎవరెవరో ఇంట్లో టీవీ నుంచి టేప్ చేసుకుని ఎక్కించినవి కాబట్టి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. బ్రౌన్‌కీ రెడ్‌కీ తేడా తెలీదు, బల్ల పచ్చ రంగు ఒక్కో ముక్కలో ఒక్కోలా ఉంటుంది, నేను చూసిన దాంట్లో ఒక ఫ్రేము సగంలో తెగిపోయి తర్వాతి దాంట్లో తేలింది. స్కోరు ఎప్పుడూ కనిపించదు, గుర్తుపెట్టుకుంటూ చూడాలి. ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్ ఆన్ చేయకండి, ఆ యాసకి అవి రాసేది చదివితే నవ్వాగదు. రూల్స్ అస్సలు తెలియనివాళ్ళు, పది నిమిషాల హైలైట్స్‌కి అలవాటుపడినవాళ్ళు వదిలేయండి, మీ వల్ల కాదు. మిగతావాళ్ళు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, స్పీడు మాత్రం పెంచకండి. ఒకటిన్నరలో పెడితే ఆ తెల్ల బాల్ మెల్లగా దొర్లుకుంటూ వచ్చి ఆగడం ఉంటుందే, అది పోతుంది, ఇంక చూసేది ఏముంది అందులో.