పెళ్లి ఒడంబడికల వెంట ఇంగ్లండ్ పల్లెలు

ఇంగ్లండ్‌లో పాత భూస్వాముల భవనాలు చూడటానికి వెళ్లేవారు ఎక్కువగా చిత్రపటాలు, పూలతోటలు చూసి, టీ తాగి తిరిగి వస్తారు. నేను మాత్రం ఒక్క ప్రశ్న పట్టుకుని తిరిగాను. ఈ ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు సొమ్ము ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది? ఆ సంగతి దాచకుండా చెప్పిన ఇల్లే నాకు నచ్చింది. నాతోపాటు మా అత్తయ్య వచ్చారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అందువల్ల మెట్లు, కుర్చీలు, నడిచే దూరం గురించి కూడా ఇందులో రాస్తున్నాను. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేవారికి అవే ముఖ్యం.

మొదట ఆస్టర్లీ పార్క్. లండన్ పికడిల్లీ లైనులో అదే పేరున్న స్టేషన్‌లో దిగి ఇరవై నిమిషాలు నడిస్తే చాలు. హీత్రో విమానాశ్రయం దగ్గరే కాబట్టి తల మీదుగా విమానాలు పోతూనే ఉంటాయి. తోటలోకి అడుగుపెట్టాక మాత్రం నగరంలో ఉన్నామన్న ధ్యాసే ఉండదు. ఈ భవనం చైల్డ్ అనే బ్యాంకరు కుటుంబానిది. పాత ఇంటిని వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ చేత కొత్తగా తీర్చిదిద్దించుకున్నారు. ముందు వాకిలి మెట్లు ఎత్తు. లోపల గది గదిలోనూ ఉండే స్వచ్ఛంద కార్యకర్తలు మాత్రం అడగకముందే అత్తయ్యకు కుర్చీ చూపించారు.

ఇక్కడ తప్పకుండా నిలబడి చూడవలసింది టాపెస్ట్రీ గది. నాలుగు గోడలనూ కప్పేసిన ఎర్రటి నేత పారిస్‌లోని గోబెలిన్ కార్ఖానాలో తయారైంది. అందులోని బొమ్మలు ఫ్రెంచి చిత్రకారుడు బుషే గీసిన దేవతల ప్రేమకథలు. ఆ గది ముస్తాబైన కొద్ది ఏళ్లకే, 1782 మే నెలలో, ఈ ఇంటి ఏకైక కూతురు శారా ఆన్ చైల్డ్ పదో వెస్ట్‌మోర్లండ్ ఎర్ల్ జాన్ ఫేన్‌తో స్కాట్లండ్‌కు పారిపోయింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. తండ్రి రాబర్ట్ చైల్డ్‌కు ఈ సంబంధం ఇష్టం లేదు. అల్లుడికి బిరుదు ఉంది. కానీ ఆ బిరుదు ఇంటికి పోయిన డబ్బు ఇక తన వంశపు డబ్బుగా మిగలదని ఆయనకు తెలుసు.

ఆ తండ్రి రాసిన వీలునామా నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. ఆస్తి కూతురికి గానీ, ఆమె పెద్ద కొడుక్కి గానీ దక్కదు. ఆమె రెండో కొడుక్కి, లేదా పెద్ద కూతురికి వెళ్లాలి. పెద్ద కొడుకు ఎలాగూ వెస్ట్‌మోర్లండ్ ఎర్ల్ అవుతాడు కాబట్టి అతడికి పైసా చేరకుండా తలుపు మూశాడు. అలా మొత్తం సొమ్ము మనవరాలు శారా సోఫియాకు వచ్చింది. ఆమె తరువాత జెర్సీ కౌంటెస్ అయింది, బ్యాంకులో ప్రధాన భాగస్వామి అయింది. లండన్‌లో ఆల్మాక్స్ అనే నృత్యశాలకు ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో నిర్ణయించే కొద్దిమంది స్త్రీలలోనూ ఒకరైంది. లేచిపోయి పెళ్లి చేసుకున్న తల్లికి పుట్టిన కూతురు దేశంలోని గొప్ప సంబంధాల గుమ్మం దగ్గర కాపలాగా నిలబడింది.

"ఇంతకీ ఆ తండ్రి కూతురిని క్షమించాడా అమ్మాయ్?" అని అత్తయ్య అడిగారు. "పెళ్లైన రెండు నెలలకే ఆయన పోయాడు అత్తయ్యా. వీలునామా మాత్రం మారలేదు" అన్నాను. ఆవిడ ఆ గదిలో ఇంకొంతసేపు కూర్చున్నారు.

వాళ్లు స్కాట్లండ్‌కే ఎందుకు పరుగెత్తారన్నదానికి జవాబు చట్టంలో ఉంది. 1753లో చేసిన హార్డ్‌విక్ వివాహ చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఇంగ్లండ్‌లో పెళ్లి చర్చిలో జరగాలి, ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి లేదా లైసెన్సు తీసుకోవాలి. ఇరవై ఒకటి నిండనివారు లైసెన్సు మీద చేసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ప్రకటన చదివిస్తే తండ్రి లేచి కాదంటే చాలు, అది చెల్లదు. ఈ చట్టం స్కాట్లండ్‌కు వర్తించలేదు. ఆస్తి ఉన్న ఇళ్ల ఆడపిల్లలను చేజారిపోకుండా కాపాడుకోవడానికే ఈ కట్టుబాట్లని నాకు స్పష్టంగా అనిపించింది. కూలివాడి కూతురు ఎవరిని చేసుకుంటుందో అని పార్లమెంటు అంతగా బెంగపడలేదు.

తరువాత హ్యాంప్‌షైర్‌లోని చాటన్. లండన్ వాటర్లూ నుంచి రైలెక్కి చివరి స్టేషన్ ఆల్టన్‌లో దిగాలి. అక్కడి నుంచి ఆ ఊరు రెండు కిలోమీటర్ల పైచిలుకు. మేము టాక్సీలో వెళ్లాం. బస ఆల్టన్‌లోనే, కింద పబ్బు, పైన గదులు ఉండే ఒక పాత సత్రంలో. గది చిన్నది, మంచం మెత్తన, పొద్దున వేడివేడిగా గంజి, టోస్టు, పుట్టగొడుగులు. శాకాహారులమని చెబితే వంటమనిషి స్వయంగా వచ్చి ఏం తింటారో అడిగి వెళ్లింది. ఈ ప్రయాణం మొత్తంలో ఖర్చుకు తగిన బస ఇదే.

చాటన్‌లో నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ 1809 నుంచి నివసించిన ఇటుక ఇల్లు ఉంది. అందరూ ఆమె రాసుకున్న చిన్న బల్ల దగ్గర ఆగుతారు. నేను ఆ ఇల్లు వాళ్లకు ఎలా వచ్చిందన్న దగ్గర ఆగాను. తండ్రి పాస్టరు. ఆయన 1805లో పోయాక తల్లి, ఇద్దరు కూతుళ్లు అన్నదమ్ములు పంపే డబ్బు మీద ఆధారపడి, నాలుగేళ్లు ఊళ్లు మారుతూ గడిపారు. అన్నల్లో ఒకడైన ఎడ్వర్డ్‌ను పిల్లల్లేని ధనిక బంధువులు నైట్ దంపతులు దత్తత తీసుకోవడంతో అతడికి ఎస్టేటు దక్కింది. ఆ ఎస్టేటులోని ఇల్లే తల్లికి, చెల్లెళ్లకు ఇచ్చాడు. కాసేపు నడిస్తే ఎడ్వర్డ్ భవనం చాటన్ హౌస్ వస్తుంది. ఒకే తల్లి పిల్లలు. ఒకరిది భవనం, మరొకరిది ఆ భవనం దయతో దొరికిన ఇల్లు. రెండూ ఒకే రోజు చూడండి. ఒకటే చూస్తే సగం కథే తెలుస్తుంది.

ఆ వర్గంలో పెళ్లి ఏ లెక్కల మీద నిలబడేదో తెలిస్తే ఈ రెండిళ్ల మధ్య దూరం ఇంకా బాగా అర్థమవుతుంది. భూమి పెద్ద కొడుకుది. చిన్న కొడుకులకు సైన్యం, చర్చి, న్యాయవాద వృత్తి. ఆడపిల్లకు కట్నం. పెళ్లికి ముందు ఇరుపక్షాల న్యాయవాదులు కూర్చుని ఒడంబడిక రాసేవారు. పిల్ల తెచ్చే కట్నం ఎంత, ఆమెకు ఏటా చేతిఖర్చు ఎంత, భర్త పోతే ఏటా భరణం ఎంత అన్నవి అందులో ఉండేవి. వెయ్యి పౌండ్ల కట్నానికి ఏటా వంద పౌండ్ల భరణం అప్పటి మామూలు లెక్క. ధర్మకర్తల పేరిట విడిగా రాయించుకోకపోతే ఆమె నగలూ నగదూ భర్తవే. 1870, 1882లలో వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు వచ్చేదాకా అంతే.

ఆ లెక్కలో జేన్ ఆస్టెన్ అక్క కసాండ్రా జీవితం నలిగిపోయింది. ఆమెకు నిశ్చితార్థం జరిగింది. పెళ్లికి తగినంత రాబడి లేక వరుడు టామ్ ఫౌల్ సైన్యంతో పాస్టరుగా కరీబియన్ దీవులకు వెళ్లి, 1797లో జ్వరంతో చనిపోయాడు. ఆమె మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు. ఇక జేన్, 1802 డిసెంబరులో ఒక సాయంత్రం ఎస్టేటు వారసుడైన హ్యారిస్ బిగ్-విదర్ అడిగితే సరేనని, మర్నాడు పొద్దున్నే కాదని చెప్పింది. ఆ పొద్దున ఆమె కాదన్నది ఒక మనిషినే కాదు, తల్లికీ అక్కకూ జీవితాంతం గడిచే ఒక దారిని కూడా. ఆ ధైర్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మన తీరంతో ముడిపడిన ఒక సంగతి కూడా ఈ కుటుంబంలో ఉంది. జేన్ మేనత్త ఫిలడెల్ఫియా అనాథ. టోపీలు కుట్టే దుకాణంలో పని నేర్చుకుంది. కట్నం లేని ఆ అమ్మాయి 1752లో ఓడెక్కి మద్రాసు చేరింది. ఆరు నెలలు దాటగానే కడలూరులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు హ్యాంకాక్‌ను పెళ్లాడింది. ఇంగ్లండ్‌లో పెళ్లిసంతలో నిలబడలేని ఆడపిల్లలను చోళమండల తీరానికి పంపడం ఆ రోజుల్లో ఒక దారి. తెలుగువాళ్లెవరైనా చాటన్‌కు వెళ్తే ఆమెను తలచుకోవాలని నా కోరిక.

చాటన్‌కు దగ్గరలోనే, సస్సెక్స్ సరిహద్దు కొండల మీద అప్పార్క్ ఉంది. నా ఓటు దీనికే. దగ్గరి రైల్వే స్టేషన్ పీటర్స్‌ఫీల్డ్. బస్సులు అరుదు కాబట్టి టాక్సీ మాట్లాడుకోవాలి, తిరిగి రావడానికీ ముందే చెప్పిపెట్టుకోవాలి. 1746లో సర్ మాథ్యూ ఫెదర్‌స్టన్‌హాను చేసుకున్న శారా వ్యాపారుల ఇంటి పిల్ల. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెద్ద బొమ్మరిల్లు ఇప్పటికీ ఉంది. అందులోని చిన్న చిన్న గదుల్లో యజమానులతోపాటు పనివాళ్లూ ఉన్నారు. ఒక సంపన్న గృహిణి ఏమేం నడిపించాలో అది చూస్తే తెలుస్తుంది.

ఆ దంపతుల కొడుకు సర్ హ్యారీ. 1781లో ఇతడు ఎమ్మా అనే పేద పిల్లను ఈ ఇంట్లో ఉంచుకుని, ఆమె గర్భవతి కాగానే పంపించేశాడు. తరువాత నౌకాదళపతి నెల్సన్ ప్రియురాలు లేడీ హ్యామిల్టన్‌గా లోకమంతా ఎరిగిన ఎమ్మా ఈమే. అదే హ్యారీ డెబ్బై దాటాక, 1825లో, తన పాలశాలలో పనిచేసే మేరీ ఆన్ బుల్లక్‌ను చట్టబద్ధంగా పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు ఇరవై ఏళ్లు. 1846లో పోతూ ఎస్టేటు మొత్తం ఆమెకే రాసిచ్చాడు. ఆమె 1874 దాకా బతికి, ఇల్లు ఏమాత్రం మార్చకుండా కాపాడి, చెల్లెలికి అప్పగించింది. చుట్టుపక్కల భూస్వాములు ఈ పెళ్లిని హర్షించలేదు. అయినా 1989లో పైకప్పు మరమ్మతు జరుగుతుండగా ఇల్లు అంటుకున్నప్పుడు జనం మంటల్లోంచి మోసుకొచ్చిన పాత సామాను ఇన్నేళ్లు నిలిచి ఉన్నది ఆ పాలపిల్ల జాగ్రత్త వల్లే. పునరుద్ధరించిన భవనం 1995లో మళ్లీ తెరిచారు.

తోటలోని పాలశాలకు తప్పక వెళ్లండి. చల్లగా, పలకలు పరిచి, శుభ్రంగా ఉంటుంది. పనివాళ్ల కోసం భూమి కింద తవ్విన సొరంగ మార్గం కూడా చూడండి. భోజనం మోసుకొచ్చేవారు దొరల కంట పడకూడదని వేసిన దారి అది. ఆ దారి దాటి ఒక అమ్మాయి పై గదికి యజమానురాలిగా వచ్చిందంటే ఎంత దూరం నడిచినట్టో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. మెట్లు దిగడం అత్తయ్యకు కష్టమై ఆవిడ పైనే టీ గదిలో ఆగారు.

బాత్ నగరం గురించి తక్కువే రాస్తాను. అందంగా ఉంటుంది, జనం ఎక్కువ, గదుల అద్దె మండిపోతుంది. మేము దిగిన అతిథి గృహంలో లిఫ్టు లేదు. మూడో అంతస్తుకు ఇరుకు మెట్ల మీదుగా పెట్టెలు మేమే మోసుకున్నాం. ఆ ఊళ్లో పాత భవనాలకు ఈ ఇబ్బంది మామూలే కాబట్టి పెద్దవాళ్లుంటే బ్రిస్టల్‌లో బస చేసి రైల్లో పావుగంటలో రావడం మేలు. 1771లో తెరిచిన అసెంబ్లీ రూమ్స్‌ను బయటి నుంచే చూశాం. పరిచయం లేని మగవాడితో ఆడపిల్ల నృత్యం చేయకూడదు కాబట్టి, తగిన జోడీని పరిచయం చేయడానికే అక్కడ ఒక అధికారి ఉండేవాడు. రాయల్ క్రెసెంట్‌లో 11వ నంబరు ఇంటి ముందు కాసేపు ఆగండి. గాయని ఎలిజబెత్ లిన్లీ 1772లో నాటక రచయిత షెరిడన్‌తో వెళ్లిపోయింది అక్కడి నుంచే. ఆ వీధి చివర 1వ నంబరు ఇల్లు మ్యూజియం. కింది అంతస్తులోని వంటగదికే టికెట్టు డబ్బు చెల్లు.

చివరికి స్కాట్లండ్ సరిహద్దులోని గ్రెట్నా గ్రీన్. శారా ఆన్ బండి పగలూ రాత్రీ పరుగెత్తి చేరిన ఊరు. కార్లైల్ నుంచి రైల్లో కొద్ది నిమిషాలే. ఆ ఊళ్లో కమ్మరి కొట్టులో దాగలి ముందు ఇద్దరు సాక్షులుంటే పెళ్లి అయిపోయేది. 1856 చట్టం ఇరవై ఒక్క రోజుల నివాసం తప్పనిసరి చేశాక ఆ హడావిడి తగ్గింది. అంతకు పదకొండేళ్ల ముందు, 1845లో, ఆల్మాక్స్ గుమ్మం కాచిన ఆ జెర్సీ కౌంటెస్ సొంత కూతురు అడేలా ఒక కెప్టెన్‌తో ఇక్కడికే వచ్చి పెళ్లి చేసుకుంది. అమ్మమ్మ పరుగెత్తిన దారినే మనవరాలూ పట్టింది. ఆ ఊరికి అంత దూరం వెళ్లడానికి నాకున్న ఒకే కారణం ఇదే. దాగలి చూశాం, పాత గుర్రపు బళ్లు చూశాం. మిగతా స్థలమంతా దుకాణాలు. ఒక పూట చాలు. కార్లైల్‌లో మా హోటల్ గదిలో రాత్రంతా హీటరు పనిచేయలేదు. ఫిర్యాదు చేస్తే అదనపు దుప్పటి ఇచ్చారు, డబ్బు తగ్గించలేదు.

ఆస్టర్లీ, అప్పార్క్ రెండూ పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్‌వి. ఇలాంటివి ఇంకా చూడాలనుకుంటే వార్షిక సభ్యత్వమే చవక. చాటన్ ఇంటికీ, బాత్ మ్యూజియానికీ అది చెల్లదు. చలికాలంలో చాలా భవనాలు మూసి ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు తేదీలు చూసుకోండి. సమయం తక్కువుంటే గ్రెట్నా, బాత్ రెండూ వదిలేసి, ఆ డబ్బుతో ఆల్టన్‌లో ఇంకో రాత్రి ఉండి, అప్పార్క్‌కు టాక్సీ మాట్లాడుకోండి.