బార్నెట్‌లో రెండు ఎలిజబెత్ బడులు: ఏది మేలు?

లండన్ ఉత్తరపు అంచున ఉన్న బార్నెట్‌లో మొదటి ఎలిజబెత్ రాణి పేరుతో రెండు హైస్కూళ్ళు ఉన్నాయి. ఒకటి మగపిల్లలది, ఇంకొకటి ఆడపిల్లలది. రెండూ ప్రభుత్వ డబ్బుతో నడిచేవే, రెండింట్లోనూ ఫీజు లేదు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు "బాబు రాసే ఎంట్రన్సే పాపతో కూడా రాయిద్దాం" అనుకుంటూ ఉంటారు. పాప బడికి ఎంట్రన్సే లేదు. ఒకప్పుడు ఒకే తీరుగా నడిచిన ఈ రెండూ ఎక్కడ విడిపోయాయో తెలిస్తే, ఏది మేలో తేల్చుకోవడం కొంత తేలికవుతుంది.

మగపిల్లల బడి 1573 నాటిది. లెస్టర్ ఎర్ల్ రాబర్ట్ డడ్లీ అడిగితే రాణి అనుమతి పత్రం ఇచ్చింది. అప్పటి బడి కట్టడం ట్యూడర్ హాల్ వుడ్ స్ట్రీట్‌లో చర్చికి ఎదురుగా ఇంకా నిలబడే ఉంది. గుమ్మానికి అటూ ఇటూ చిన్న బురుజులు కనిపిస్తాయి. మొదట్లో బడంటే అదే, చదువంటే ముఖ్యంగా లాటినే. 1932లో బడి క్వీన్స్ రోడ్డుకు మారింది. ఇక ఆడపిల్లలకైతే మూడు వందల ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. పాత బడుల ఆస్తులను ఆడపిల్లల చదువుకూ వాడవచ్చని 1869లో చట్టం వచ్చాక, ఇంగ్లండ్‌లో ఊరూరా బాలికల బడులు లేచాయి. బార్నెట్‌లో అది 1888లో వచ్చింది.

1944 చట్టం హైస్కూలు చదువును అందరికీ ఉచితం చేసింది. కానీ పదకొండేళ్ళకే పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్ళను గ్రామర్ స్కూలుకి, మిగతావాళ్ళలో ఎక్కువమందిని సెకండరీ మోడర్న్ అనే మామూలు బడులకి పంపే పద్ధతి నడిచింది. చాలా జిల్లాల్లో బాలికలకు గ్రామర్ సీట్లు తక్కువ కాబట్టి మగపిల్లల కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటేనే సీటు. దీని మీద విసుగు పెరిగి, 1965లో విద్యామంత్రి ఆంథొనీ క్రాస్‌లాండ్ అందరినీ చేర్చుకునే కాంప్రెహెన్సివ్ బడులకు మారమని స్థానిక సంస్థలకు సర్క్యులర్ పంపాడు. 1970లో మార్గరెట్ థాచర్ విద్యామంత్రిగా వచ్చి దాన్ని రద్దు చేసింది. అయినా ఆమె హయాంలో మూతపడినన్ని గ్రామర్ బడులు ఇంకే విద్యామంత్రి కాలంలోనూ మూతపడలేదు. కాగితం మీద రద్దయినా, ఊళ్ళలో బండి అప్పటికే కదిలిపోయింది.

ఆ ఊపులోనే, అప్పటిదాకా గ్రామర్ స్కూలైన మగపిల్లల బడి 1971లో కాంప్రెహెన్సివ్ అయింది. తమాషా ఏమిటంటే, అదే ఏడాది నల్గొండ జిల్లా సర్వేలులో పి.వి. నరసింహారావు చొరవతో మన గురుకులం మొదలైంది. అక్కడ పరీక్ష తీసేస్తుంటే, ఇక్కడ పల్లె పిల్లల్లో చురుకైనవాళ్ళను ఏరడానికి పరీక్ష పెట్టారు. పరీక్ష మంచిదా చెడ్డదా అన్నది ఎవరి కోసం పెట్టారన్న దాన్నిబట్టి ఉంటుందని నాకు అనిపించేది ఇలాంటి చోటే.

అసలు మలుపు 1988 చట్టంతో వచ్చింది. బడులు స్థానిక కౌన్సిల్ చేతికింద నుంచి బయటపడి నేరుగా కేంద్రం నిధులు తీసుకోవచ్చని అది చెప్పింది. మగపిల్లల బడి 1989లో బయటికొచ్చి, 1994 నుంచి మళ్ళీ పరీక్ష పెట్టి చేర్చుకోవడం మొదలెట్టింది. ఆడపిల్లల బడి కూడా ఒకప్పుడు గ్రామర్ స్కూలే. అది కాంప్రెహెన్సివ్‌గా మారి, అలాగే ఉండిపోయింది. ఇప్పుడు కొత్తగా ఏ బడీ ఇలా వెనక్కి వెళ్ళలేదు, 1998 చట్టం ఆ తలుపు మూసేసింది. ఇంగ్లండ్ మొత్తంలో మిగిలినవి 163 గ్రామర్ స్కూళ్ళే.

ఫలితాలు చూస్తే పోటీయే లేదు. మగపిల్లల బడి పద్దెనిమిదేళ్ళకు రాసే ఎ-లెవెల్ పరీక్షల మార్కుల్లో దేశంలోని ప్రభుత్వ బడుల్లో ముందు వరసలో ఉంటుంది, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు ఏటా పదుల సంఖ్యలో పంపుతుంది. పాఠాలు బాగా చెబుతారు, సంగీతం, ఆటలు, డిబేట్లు దండిగా ఉంటాయి, కాదనను. కానీ వేలమంది రాస్తే రెండు వందల లోపు పిల్లల్ని తీసుకునే బడికి మంచి మార్కులు రాకపోతేనే వింత. ఎడ్యుకేషన్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2016లో పిల్లల నేపథ్యాన్నీ, ముందటి మార్కులనూ లెక్కలోకి తీసుకుని చూస్తే, గ్రామర్ స్కూళ్ళ వల్ల మొత్తం మీద ఫలితాలు పెరిగిందీ లేదు, తగ్గిందీ లేదు అని తేలింది. ర్యాంకుల పట్టిక చూసి మురిసిపోయే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

పైగా ఆ పరీక్ష బరువు పిల్లాడి మీద ఎప్పుడు పడుతుందో చూడండి. ఆరో తరగతిలో అడుగుపెట్టిన సెప్టెంబరులోనే ఇంగ్లిష్, లెక్కలు, బిట్ల పేపర్. వాడికప్పటికి పదేళ్ళు. నాలుగో తరగతి నుంచే ట్యూషన్లు, శనివారాలు మాక్ టెస్టులు, ఇంట్లో అందరికీ టెన్షన్. మన ఇంటర్ కాలేజీల వాతావరణం తప్పించుకుందామని విమానం ఎక్కినవాళ్ళే, దాన్ని పదేళ్ళవాడి బల్ల మీదికి తెచ్చుకుంటున్నారు. ట్యూషన్ కొనలేని ఇంటి పిల్లాడు, క్వీన్స్ రోడ్డు పక్కనే పుట్టి పెరిగినా, బయటే ఉండొచ్చు.

అందుకే ఊరికి ఏ బడి మేలు అంటే నా ఓటు ఆడపిల్లల బడికే. చుట్టుపక్కల పిల్లలు డాక్టరు కూతురైనా, బస్సు డ్రైవరు కూతురైనా ఒకే తరగతిలో కూర్చుంటారు. మీ అబ్బాయికి ఏది మేలు అన్నది వేరే ప్రశ్న. లెక్కలంటే వాడికై వాడికే సరదా ఉండి, మీరు వెంటపడకుండానే పేపర్లు చేస్తుంటే రాయించండి, అలాంటివాడికి ఆ బడి స్వర్గం. ఏడిపించి కూర్చోబెట్టాల్సి వస్తుంటే మానేయండి, సీటు వచ్చినా ఏడేళ్ళు అదే పరుగు.

లండన్‌లో దరఖాస్తులో ఆరు బడులు రాయొచ్చు, గడువు అక్టోబరు 31, జవాబు మార్చి 1న. మీరు ఏ వరసలో రాశారో బడులకు తెలియదు కాబట్టి, గ్రామర్ స్కూలు పైన పెట్టి దగ్గర్లోని కాంప్రెహెన్సివ్ కింద రాస్తే నష్టమేమీ లేదు. అమ్మాయి విషయంలో ఇంటి నుంచి బడికి దూరమే ముఖ్యంగా చూస్తారు, అక్క ఇప్పటికే అక్కడ చదువుతుంటే కలిసొస్తుంది. బార్నెట్‌లో ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్ళు అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే ఆ దూరం చూసుకోవాలి.