జర్మనీలో ఎంఎస్: ఫీజు సంగతి సరే, పరీక్షల సంగతి అడిగారా?

జర్మనీ అనగానే తిరుపతిలో అయినా చిత్తూరులో అయినా మొదట వినబడేది "ఫీజు లేదు" అనే మాట. అది చాలావరకు నిజమే. పబ్లిక్ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల సెమిస్టర్‌కు 100 నుంచి 350 యూరోల దాకా కాంట్రిబ్యూషన్ కడితే చాలు. కాకపోతే స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి బయటి దేశాలవాళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 శీతాకాలం సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 లేదా 6,000 యూరోలు తీసుకుంటోంది. పాఠం, ల్యాబు, లైబ్రరీ వరకు ఇంజినీరింగ్ మాస్టర్స్‌కు వంక పెట్టడానికి లేదు. వంకలన్నీ వేరేచోట ఉన్నాయి. వాటి గురించి బయల్దేరేముందు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

అన్నిటికంటే పెద్దది పరీక్ష. మిడ్‌లు, ఇంటర్నల్స్, అటెండెన్స్ మార్కులు ఇక్కడ లేవు. చాలా సబ్జెక్టులకు సెమిస్టర్ చివర 90 లేదా 120 నిమిషాల రాతపరీక్ష ఒకటే, మార్కులన్నీ దానికే. 1.0 వస్తే అందరికంటే పైన, 4.0 పాస్, 5.0 ఫెయిల్. క్లాసుకు రాకపోయినా అడిగే నాథుడుండడు, మునిగేది అక్కడే. పైగా క్లాసులో చేరడం వేరు, పరీక్షకు పేరు నమోదు చేసుకోవడం వేరు. మూడుల్ అనే ఆన్‌లైన్ క్లాసు సైటులో కోర్సు కనబడుతోంది కదా అని ఊరుకుంటే పరీక్ష రోజు జాబితాలో పేరుండదు. గడువు చాలాచోట్ల పరీక్షకు కొన్ని వారాల ముందే అయిపోతుంది. మనకు అలవాటైన లేట్ ఫీజు కట్టి రాసే పద్ధతి ఇక్కడ నడవదు. చదువు చాలలేదనిపిస్తే గడువులోపు పేరు వెనక్కి తీసుకోవచ్చు. ఆ తేదీ దాటాక హాజరు కాకపోతే నేరుగా 5.0 వేస్తారు. జ్వరమొచ్చిందంటే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. పరీక్ష రోజు దాటాక రాయించుకున్న కాగితం సాధారణంగా పనికిరాదు.

ఒక్కో పరీక్ష ఎన్నిసార్లు రాయొచ్చన్నది ఆ కోర్సు నిబంధనల పుస్తకంలో ఉంటుంది. ఎక్కువచోట్ల మూడుసార్లు. మూడోసారి కూడా పోతే యూనివర్సిటీ పేరు తీసేస్తుంది, జర్మనీలో ఇంకెక్కడా అదే కోర్సులో చేరనివ్వరు. బ్యాక్‌లాగ్‌లు ఎప్పటికైనా క్లియర్ చేసుకోవచ్చులే అనే ధీమాతో వచ్చినవాళ్లకు ఇది తగిలేసరికి చేతులు కాలిపోయి ఉంటాయి. ఇంకో మెలిక: 3.7తో గట్టెక్కిన సబ్జెక్టును మళ్లీ రాసి మార్కు పెంచుకోవడం సాధారణంగా కుదరదు. సగం సగం చదివి "రాసొద్దాం, ఏదొస్తే అది" అనుకోవడం కంటే పేరు వెనక్కి తీసుకోవడమే మేలు.

కాగితం మీద సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, మొత్తం 120. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. ఆ లెక్కన 6 క్రెడిట్ల సబ్జెక్టు ఒకదానికే 150 గంటలకు తగ్గదు. మొదటి సెమిస్టర్‌లో ఐదు సబ్జెక్టులు నెత్తిన పెట్టుకుంటే రూము వెతుకులాట, ఆఫీసుల చుట్టూ తిరుగుడు, చలి అన్నీ కలిసి రెండైనా పోతాయి. మూడుతో మొదలుపెట్టండి. రెండేళ్లలోనే ముగించే మనవాళ్లు తక్కువ. మూడో ఏడాదికి కూడా డబ్బు చూపించాల్సి వస్తుందని ఇంట్లో ముందే చెప్పి ఉంచాలి. పాత ప్రశ్నపత్రాలు చాలాచోట్ల డిపార్ట్‌మెంట్ విద్యార్థి సంఘం దగ్గర, అంటే ఫాఖ్‌షాఫ్ట్‌లో దొరుకుతాయి. బట్టీ పట్టింది రాస్తే మార్కులు రావు గానీ ప్రశ్న ఎలా అడుగుతారన్నది వాటితో తెలుస్తుంది. ఫలితాల తర్వాత దిద్దిన పేపరు చూసుకోవడానికి ఒక రోజు ఇస్తారు. ప్రొఫెసర్ ఏమనుకుంటాడోనని మనోళ్లు దానికి పోరు. పోవాలి. కూడిక తప్పులు, దిద్దకుండా వదిలేసిన పేజీలు బయటపడేది అక్కడే. ఫెయిల్‌కీ 4.0కీ మధ్య ఒక్కోసారి ఉండేది ఒకటి రెండు మార్కులే.

దరఖాస్తు విషయానికొస్తే, కన్సల్టెన్సీలు దాటేసే లెక్క ఒకటుంది. మన సీజీపీఏను బవేరియన్ ఫార్ములాతో జర్మన్ మార్కుగా మారుస్తారు: గరిష్ఠంలోంచి మీకు వచ్చినది తీసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చవేసి, ఒకటి కలపాలి. సీజీపీఏ 7 ఉందనుకోండి. కనీస పాస్ గ్రేడు 4 అని లెక్కిస్తే 2.5 వస్తుంది, 5 అని లెక్కిస్తే 2.8 వస్తుంది. చాలా కోర్సుల్లో 2.5 దగ్గరే గీత గీస్తారు కాబట్టి సీటు ఉండేదీ పోయేదీ ఇక్కడే తేలిపోతుంది. మీ రెగ్యులేషన్‌లో పాస్ గ్రేడు ఎంతో మార్కుల మెమో వెనకాల గానీ ట్రాన్స్‌క్రిప్టులో గానీ స్పష్టంగా అచ్చయి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే యూనివర్సిటీ నుంచి లెటర్ తీసుకోండి. జేఎన్‌టీయూ అనంతపురం కిందికి వచ్చే కాలేజీలవాళ్లు ఈ పనిని ఫైనల్ ఇయర్‌లోనే మొదలుపెడితే నయం. చాలా యూనివర్సిటీల తరఫున దరఖాస్తులు తీసుకునే యూని-అసిస్ట్ ద్వారా పంపితే మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. ఇరవై చోట్ల వేయడం దండగ. గీత దాటే కోర్సులు ఆరేడు ఏరుకోండి.

మన చదువు కాగితాలు అసలువేనని తనిఖీ చేసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబరు నుంచి తప్పనిసరి. ఫీజు 18,000 రూపాయలు, కాగితాలు ఢిల్లీకి పంపాలి. మనవైపు దీనికి ఎక్కువగా అడ్డుపడేది పేరు. పదో తరగతి మెమోలో ఇనిషియల్ ఉంటుంది, డిగ్రీలో ఇంటిపేరు చివరకు పోతుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ గడి వల్ల జర్మనీలో బ్యాంకు దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర, ఫారం నింపిన ప్రతిచోటా చిక్కే. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ముందే సరిచేయించుకుని, ఆ తర్వాతే ఏపీఎస్ మొదలుపెట్టండి. వీసాకు మనం చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాం. 2025 జులై నుంచి తిరస్కరణ మీద అప్పీలు రాసుకునే పద్ధతి ఎత్తేశారు. ఇప్పుడు మళ్లీ కొత్తగా దరఖాస్తు చేయాలి, లేదా కోర్టుకు పోవాలి.

బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఏడాది ఖర్చుకు డబ్బుందని వీసాకు చూపించే ఖాతాలో వేయాల్సింది 11,904 యూరోలు, అందులోంచి నెలకు 992 విడుదలవుతుంది. బ్యాంకు విద్యారుణం నుంచి పంపితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు పట్టుకునే పన్ను) పడదు. నాన్న ఖాతాలోంచి సొంత డబ్బు పంపితే 10 లక్షలు దాటిన భాగానికి పడుతుంది. చిన్న, నడిమి ఊళ్లలో హాస్టలు గది 300 నుంచి 400, ఆరోగ్య బీమా 140 పైచిలుకు, వండుకుంటే తిండికి 200 అనుకుంటే 992లో నెల గడిచిపోతుంది. మ్యూనిక్‌లో గడవదు. అసలు చిక్కు మొదటి నెల. గది అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు, బ్లాక్డ్ డబ్బు మాత్రం అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాకే కదులుతుంది. విడిగా 1,500 నుంచి 2,000 యూరోలు దగ్గర పెట్టుకుని దిగండి.

గది చూసేటప్పుడు అద్దెకంటే ముందు అడగాల్సిన ప్రశ్న: "ఇక్కడ అడ్రసు రిజిస్టర్ చేసుకోవచ్చా?" ఇంట్లో దిగిన రెండు వారాల్లో అన్‌మెల్డుంగ్ చేయాలి, దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. కుదరదన్నారంటే అద్దె ఎంత తక్కువైనా వదిలేయండి. ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే ట్యాక్సు నంబరు రాదు, రెసిడెన్స్ పర్మిట్ పని ముందుకు సాగదు. గది చూడకుండా ముందే అడ్వాన్సు పంపమనేవాడు చాలావరకు దొంగే. ఇంకోటి, చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబర్లుండవు. పోస్ట్‌మ్యాన్ పేరు చూసి ఉత్తరం వేస్తాడు. దిగిన రోజే తెల్ల కాగితం ముక్క మీద ఇంటిపేరు పెద్దక్షరాల్లో రాసి తపాలా పెట్టె మీద టేపుతో అతికించండి. ట్యాక్సు నంబరు, ఇన్సూరెన్స్ కార్డు, ఆఫీసు అపాయింట్‌మెంటు అన్నీ ఉత్తరంగానే వస్తాయి. పేరు లేకపోతే వచ్చినట్టే వెనక్కి పోతాయి, మీకు కబురు కూడా ఉండదు. రేడియో పన్ను అని నెలకు 18.36 యూరోల నోటీసు వస్తుంది, మోసం అనుకుని చించేయొద్దు. అది ఇంటికి ఒక్కటే, ముగ్గురుంటే పంచుకోవచ్చు.

పార్ట్‌టైమ్‌తో అప్పు తీరుతుందనే లెక్క వేసుకోకండి. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. యూనివర్సిటీలో రీసెర్చ్ అసిస్టెంటుగా చేస్తే అవి ఈ లెక్కలోకి రావు. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13.90. వినడానికి బాగుంటుంది గానీ సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు పనిచేస్తే పైన చెప్పిన పరీక్షలు పోతాయి. తిండి ఖర్చు వరకు రాబట్టుకుంటే చాలు. ఇన్వాయిస్ మీద డబ్బిచ్చే డెలివరీ పనులు స్వయం ఉపాధి కిందికి వస్తాయి, అనుమతి లేకుండా చేస్తే వీసాకే ఎసరు.

తిండికి ఇబ్బంది లేదు. ఓ మోస్తరు ఊరైనా శ్రీలంక తమిళుల కొట్టు ఉంటుంది, సోనా మసూరి, రాగిపిండి దొరుకుతాయి. సంగటి, ఊరిబిండి చేసుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి పెట్టెలో పెట్టుకోవద్దు. బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేవడం నిషేధం.

కోర్సు ఇంగ్లీషులో ఉన్నా ఉద్యోగం ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటుంది. చదువయ్యాక వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు, ఆ కాలంలో ఏ పనైనా చేయొచ్చు. కానీ జర్మన్ భాషలో బీ1 స్థాయి లేనివాళ్లకు సాఫ్ట్‌వేర్ బయట ఇంటర్వ్యూ పిలుపులే తక్కువ. దానికి కింది మెట్టు ఏ2 దాకా మన ఊళ్లోనే ముగించి, చెన్నైలో మాక్స్ ముల్లర్ భవన్‌లో పరీక్ష రాసి రండి. అక్కడికి పోయాక నేర్చుకుందాంలే అనుకుంటే పైన చెప్పిన 150 గంటల సబ్జెక్టుల మధ్య దానికి టైమే దొరకదు.