టెలిస్కోప్ కొనాలంటే: కటకమా, దర్పణమా?

టెలిస్కోప్ కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. నన్నడిగితే ఆ ప్రశ్న పక్కన పెట్టి, కాంతిని పోగుచేసేది కటకమా, దర్పణమా, దాని వెడల్పెంత అని అడగమంటాను. ఎన్ని రెట్లన్నది ఐపీస్ (కంటి దగ్గర పెట్టే చిన్న కటకం) మారిస్తే మారిపోతుంది.

రెండింటికీ తేడా ఇంట్లోనే చూడొచ్చు. పగటిపూట గదిలో లైట్లు ఆర్పి, కిటికీకి ఎదురుగోడ దగ్గర భూతద్దం పట్టుకోండి. మెల్లగా ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఒకచోట కిటికీ, దాని అవతలి కొబ్బరిచెట్టు తలకిందులుగా గోడమీద కనిపిస్తాయి. పదో తరగతిలో చదివిన నిజ ప్రతిబింబం ఇదే. ఇప్పుడు గడ్డం గీసుకునేటప్పుడు ముఖం పెద్దదిగా చూపించే పుటాకార అద్దాన్ని కిటికీ వైపు తిప్పండి. ఈసారి అద్దం వెనక ఉన్న గోడతో పనిలేదు. కిటికీకీ అద్దానికీ నడుమ చిన్న కాగితం ముక్క పట్టుకుంటే దానిమీద బొమ్మ పడుతుంది. కాగితం కాస్త పెద్దదైతే వచ్చే వెలుగుకే అడ్డం! కటకం బొమ్మను అవతల వేస్తుంది, దర్పణం ఇవతల వేస్తుంది. టెలిస్కోపుల ఆకారంలో కనిపించే తేడాకి మూలం ఇక్కడే ఉంది.

కటకం లేదా దర్పణం నుంచి దూరపు వస్తువు బొమ్మ పడే చోటుకి ఉన్న దూరమే నాభ్యంతరం. 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న టెలిస్కోప్‌లో నిండు చందమామ బొమ్మ ఆరున్నర మిల్లీమీటర్లే, అంటే శనగపప్పు బద్దంత. అది కటకం వేసినా దర్పణం వేసినా అంతే. దాన్ని ఐపీస్ అనే భూతద్దంతో చూస్తాం. 10 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న ఐపీస్ పెడితే, 700ని 10తో భాగించి, 70 రెట్లు.

కటకంతో చిక్కు రంగులది. గాజు నీలం కాంతిని ఎరుపు కంటే ఎక్కువగా వంచుతుంది కాబట్టి రెండూ ఒకేచోట కలవవు. చవక టెలిస్కోప్‌లో చందమామ అంచున కనిపించే ఊదారంగు గీత అదే. పరావర్తనంలో ఈ గొడవే లేదు, అన్ని రంగులూ ఒకే కోణంలో వెనక్కి వస్తాయి. అందుకే న్యూటన్ 1668లో దర్పణంతో టెలిస్కోప్ చేశాడు. బొమ్మ ఎదురుగా పడి తల అడ్డం వస్తుంది కదా, దానికి 45 డిగ్రీల వాలులో చిన్న సమతల దర్పణం పెట్టి బొమ్మను పక్కకు మళ్లించాడు. అయితే కటకానికి ఈ రంగుల జబ్బు నయం కాదన్న ఆయన నమ్మకం మాత్రం తప్పింది. రెండు రకాల గాజు కటకాలను జతచేసి చాలావరకు సరిచేయవచ్చని తేలింది. 1758లో లండన్‌లో కటకాలు తయారుచేసే జాన్ డోలాండ్ దానికి పేటెంట్ తీసుకున్నాడు.

పెద్ద పరిమాణంలో మాత్రం కటకం ఓడిపోయింది. కాంతి దాని గుండా వెళ్లాలి కాబట్టి అంచుల్లోనే పట్టుకోవాలి, బరువుకి అది వంగుతుంది. అమెరికాలోని యెర్క్స్ వేధశాలలో 1897 నాటి 40 అంగుళాల కటకమే రాత్రి ఆకాశ పరిశోధనకు వాడినవాటిలో పెద్దదిగా నిలిచిపోయింది. దర్పణానికి వెనక నుంచి ఎన్ని ఆసరాలైనా పెట్టొచ్చు. మన దగ్గరా ఈ కథే నడిచింది. హైదరాబాద్ నిజామియా వేధశాలలో 15 అంగుళాల కటకం ఉండేది; తర్వాత హైదరాబాద్ దగ్గరి రంగాపూర్‌లో పెట్టింది 48 అంగుళాల దర్పణం. కాంతిని పోగుచేయడంలో పదింతలు.

మరి మేడమీద పెట్టుకునేదాని సంగతి? 70 మిల్లీమీటర్ల వెడల్పున్న కటకానికీ 130 దర్పణానికీ వైశాల్యంలో దాదాపు మూడున్నర రెట్ల తేడా. నడుమ ఉన్న చిన్న దర్పణం అడ్డు, పరావర్తనంలో పోయే వెలుగు తీసేసినా రెండున్నర రెట్లు మిగులుతుంది. మృగశిర నెబ్యులా (ఒరాయన్ నెబ్యులా అనే వాయు మేఘం) లాంటి మసక వస్తువులకు ఆ తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. కానీ దర్పణం సుకుమారం. దాని ఉపరితలంలో దోషం ఉంటే కాంతి దారిలో రెట్టింపు అవుతుంది, అదే దోషం కటకంలో సుమారు సగమే అవుతుంది. అందుకే దర్పణాన్ని మరింత కచ్చితంగా చెక్కాలి. పైగా అటూ ఇటూ తరలిస్తే దర్పణాల వరస తప్పుతుంది, స్క్రూలు తిప్పి సరిచేసుకోవాలి. మొదట్లో ఇది కాస్త టెన్షనే.

ఇంకో సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. న్యూటన్ తరహా టెలిస్కోప్‌లో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. చుక్కల పటాన్ని కూడా తిప్పి పట్టుకుంటే సరిపోతుంది. కటకం టెలిస్కోప్‌కి మెడ నొప్పి పుట్టకుండా, వెలుగును పక్కకు మళ్లించే వాలు సమతల దర్పణం పెడతారు, దాంతో బొమ్మ నిటారుగానే ఉంటుంది గానీ కుడి ఎడమలు తారుమారు. పటాన్ని ఎటు తిప్పినా అది కలవదు.

పదేళ్ల పిల్లలకైతే నేను 70 కటకమే కొనమంటాను: తీసి పెట్టి చూడడమే, చందమామ గుంతలు, శని వలయం చాలు. మీకోసమైతే, మేడ ఉండి ఓపిక ఉంటే, 130 లేదా 150 దర్పణం. అయితే వాడిన దర్పణం పారాబోలా (పరావలయం) ఆకారమా, గోళాకారమా అన్నది పెట్టె మీద చూడండి. నాభ్యంతరం తక్కువగా ఉన్న గోళాకార దర్పణమైతే తీసుకోకండి, చుక్క చుక్కలా ఉండదు.

దర్పణం మీద దుమ్ము కనబడితే తుడవకండి. నేను ఒకసారి చేతిరుమాలుతో తుడిచాను. అల్యూమినియం పూత మీద పడిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి.