లేజీ ఐ: మంచి కంటికి ప్యాచా, అట్రోపిన్ చుక్కలా?

లేజీ ఐ అంటే మెదడు ఒక కంటిని సరిగా వాడక దాని చూపు మందగించడం. ముందు కళ్లద్దాలు. రెండు కళ్ల పవర్ తేడాతో వచ్చిన లేజీ ఐకి సరైన అద్దాలు మూణ్నాలుగు నెలలు విడవకుండా పెడితే కొందరు పిల్లలకు అవే సరిపోతాయి. చాలకపోతేనే ఈ ప్రశ్న.

ప్యాచ్ బాగా చూసే కంటిని మూసి, మెదడు రెండో కంటిని వాడేలా చేస్తుంది. ఓ మోస్తరు లోపానికి రోజుకు 2 గంటలు, తీవ్రమైతే 6 గంటలు వేయమంటారు. చర్మానికే అంటించాలి. అద్దం మీద గుడ్డ కడితే పిల్లలు పక్కసందులోంచి మంచి కంటితోనే చూసేస్తారు, ఆ గంటలన్నీ దండగే. హైదరాబాద్ ఎండల్లో చెమటకు జిగురు ఊడుతుంది, చర్మం ఎర్రబడుతుంది. ముఖం తుడిచి బాగా ఆరాక అంటించండి; తీసేటప్పుడు తడిపి మెల్లగా లాగండి. ఒంటిపూట బడుల రోజుల్లో మధ్యాహ్నం ఇంట్లో వేయడం తేలిక.

1 శాతం అట్రోపిన్ మంచి కంటి దగ్గరి చూపును మసకబారుస్తుంది. చాలామందికి శని, ఆదివారాల్లో ఒక్కో చుక్క చాలు, పిల్లలు పీకేయలేరు. 7 ఏళ్లలోపు పిల్లల్లో, ఓ మోస్తరు లోపానికి, 6 నెలల్లో రెండూ దాదాపు ఒకే ఫలితమిచ్చాయని 2002లో అమెరికా పరిశోధన తేల్చింది. అయితే కంటిపాప విప్పారి ఉంటుంది కాబట్టి ఎండలో టోపీ తప్పదు. చుక్క వేశాక ముక్కు పక్కనున్న కంటి మూలను నిమిషం నొక్కి పట్టండి, చేతులు కడుక్కోండి. ముఖం కందిపోయి జ్వరమొస్తే ఆపేసి వెంటనే డాక్టరుకు చెప్పాలి. మంచి కంటికి మైనస్ పవరుంటే చుక్కలు అంతగా పనిచేయవు.

ప్యాచ్‌తో రోజూ పేచీ పెట్టే పిల్లలకు చుక్కలే మేలు; లోపం తీవ్రమైతే ముందు ప్యాచే. ఏది వాడినా మంచి కన్ను కూడా మందగించవచ్చు, డాక్టరిచ్చిన పరీక్ష తేదీ దాటనివ్వకండి.